ఏడు వేల అరవై, పైన కొసరు

మొగుడి మీద చెప్పుకోవడానికి వకుళకి ఒకటే ఫిర్యాదు ఉండేది. అదీ నలుగురిలో చెప్పుకుంటే నవ్వి పోయే రకం. తారకానికి తాగుడు లేదు, పేకాట లేదు, అప్పులు చేసే అలవాటు లేదు. ఉన్నదల్లా సరిగ్గా ఉండడమే. ఆరింటికొస్తానంటే ఆరింటికే వస్తాడు. రెండు నిమిషాలు ముందే వీధి మొదట్లోకి వచ్చేస్తే, అక్కడ కిళ్లీకొట్టు దగ్గర నిలబడి ఆ రెండు నిమిషాలూ గడిపి మరీ వస్తాడు. పాలు తోడు పెట్టడానికి వేలు ముంచి చూసుకునే ఇల్లాలికి పెళ్లిరోజు కానుకగా థర్మామీటరు కొనిచ్చిన మహానుభావుడు. "పప్పులో ఉప్పు కాస్త వెయ్యనా" అంటే "కాస్త అంటే ఎంత" అని అడిగే మనిషితో పంతొమ్మిదేళ్లు కాపురం చేసిన తర్వాత, మా ఆయనకి లెక్కాపత్రం తెలీదమ్మా అని ఎవరైనా వాపోతే వకుళకి అసూయ పుట్టేది.

ఈ జబ్బంతా మేడమీది పెట్టెలోంచి వచ్చిందని ఆవిడ నమ్మకం. తారకం బందరు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. మిగతా వేళల్లో హామ్ రేడియో మనిషి. అంటే సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, డాబా మీద తీగలు కట్టి, ఎక్కడెక్కడి వాళ్లతోనో పైసా లాభం లేకుండా మాట్లాడే జాతి. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు కాబట్టి ఆ జాతికి మర్యాద కూడా ఉండేది. బందరు మొత్తం మీద పదకొండు మంది ఉండేవాళ్లు. తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడుకున్నప్పుడు ఊరికి నోరూ చెవీ ఆ పదకొండు మందే.

ఆదివారం పొద్దున్న ఆ పెట్టెకి సరిచూపు ఉండేది. ఎక్కడో ఒక కేంద్రం, లోకంలోని పెట్టెలన్నీ తనని చూసి దిద్దుకోవడానికి, రాత్రనక పగలనక ఒకే ఒక్క కచ్చితమైన తరంగాన్ని వదులుతూ ఉంటుందట. తారకం దాన్ని పట్టుకుని, తన పెట్టెని దాని పక్కన పెట్టి వింటాడు. రెండింటికీ తేడా ఉంటే కూత వినిపిస్తుంది. లోపలి మరని నలుసంత తిప్పితే కూత ఈలవుతుంది, ఈల మూలుగవుతుంది, మూలుగు గురక అవుతుంది, గురక ఆగిపోతుంది. ఏమీ వినపడనప్పుడు సరిపోయినట్టు. ఆ కాసేపూ ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుక్కరు కూయకూడదు. "ఏమీ వినపడకపోతే ఇంత సంతోషించే మనిషికి రేడియో ఎందుకండీ" అని వకుళ అడిగిన ప్రశ్నకి ఇంతవరకూ జవాబు రాలేదు.

ఆవిడేమీ చదువురాని మనిషి కాదు. బీయస్సీలో భౌతికశాస్త్రం చదివింది. ఆ చదువు ఇప్పుడు ఇడ్లీపిండి పులియడం మీద ప్రయోగిస్తోంది, అంతే తేడా.

ఇంత సరిచూపూ ఎవరికోసమంటే అప్పల్నాయుడి కోసం. నాయుడు సోంపేట నుంచి అండమాన్ వెళ్లి మాయాబందర్‌లో కలప మిల్లులో పనిచేస్తున్నాడు. అతనిది చేత్తో కట్టుకున్న పెట్టె. దాని గుండెకాయ ఒక స్ఫటికం, అంటే బొటనవేలి గోరంత రాతి పలక. ఆ రాయి ఎంత తరంగమంటే అంతే, అటూ ఇటూ జరగదు. నాయుడి రాయి ఏడు వేల అరవై కిలోహెర్ట్జులు. కాబట్టి ఎవరైనా నాయుడి దగ్గరికే రావాలి, నాయుడు ఎవరి దగ్గరికీ రాలేడు. పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్న ఆరూ పదిహేనుకి తారకం మీట తిప్పుకుని ఏడు వేల అరవైకి వెళ్లడం, "ఏటి తారకం బావూ, ఇనిపిస్తన్నానా" అని సముద్రం అవతలి నుంచి పలకరింపు రావడం. ఆ అరగంటా వకుళకి స్వర్గం. ఎవరూ వంటింట్లోకి వచ్చి ఆవాలు లెక్కపెట్టరు.

అలాంటి రోజుల్లో ఊళ్లో తరంగ ప్రమాణాల ప్రాంతీయ కార్యాలయం వెలిసింది. దానికి అధికారి దైవాధీనంగారు. ముప్ఫయ్యేళ్లు సంతల్లో తక్కెళ్లూ తూకపురాళ్లూ తనిఖీ చేసి, ఎందరో షావుకార్ల చేత తక్కువ తూకానికి ముక్కు నేలకి రాయించిన నిజాయితీపరుడు. పదోన్నతి మీద ఆయన్ని తరంగాలకి వేశారు. గ్రాములైతేనేం, హెర్ట్జులైతేనేం, కొలత కొలతే అన్నది పైవాళ్ల అభిప్రాయం. ఆయన అభిప్రాయమూ అదే.

పెట్టెలన్నీ తెచ్చి ముద్ర వేయించుకోవాలని తాఖీదు వచ్చింది. తారకం తన పెట్టెని దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. వకుళ తోడు వెళ్లింది, ఆయన దాన్ని పట్టుకుంటే ఆయన్ని పట్టుకునేవాళ్లు కావాలి కదా.

దైవాధీనంగారు మీటరు తగిలించి చూశారు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశారు.

"ఏడు వేల అరవై," అన్నారు.

"అవునండి," అన్నాడు తారకం, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడిలా.

"సరిగ్గా ఏడు వేల అరవై."

"చిత్తం. మొన్న ఆదివారమే సరిచూశాను."

"మొగ్గేదీ?"

తారకానికి అర్థం కాలేదు.

"ముల్లు నడిమధ్యన నిలబడితే అది తూకమా, తమరే చెప్పండి? కొనేవాడి వైపు మొగ్గాలి. సేరు బెల్లం కొంటే పైన చిన్న గడ్డ వెయ్యడూ? పాలవాడు కొలత పోశాక పైన ఓ చుక్క వంచడూ? కొసరివ్వని వర్తకుణ్ణి నా సర్వీసులో క్షమించి ఎరగను. తమరు ప్రజలకి తరంగం సప్లై చేస్తున్నారు. కొసరేదీ?"

"అయ్యా, తరంగం తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పేనండి."

"ఎక్కువైనందుకు ఫిర్యాదు ఇచ్చిన వినియోగదారుణ్ణి ఒక్కణ్ణి చూపించండి," అన్నారు దైవాధీనంగారు. "ఒక్కణ్ణి."

తారకం చూపించలేకపోయాడు. మర్నాడే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది ప్రసారకులకు తెలియజేయడమేమనగా, ప్రజాహితము దృష్ట్యా ఎల్ల కొలతలయందునూ కొసరు తప్పనిసరి. ప్రతి ప్రసారకుడునూ తనకు నచ్చిన తరంగమునకు పైన కనీసం ఒక కిలోహెర్ట్జు కొసరు చేర్చవలెను. తూకమైన పిమ్మట రాయి మార్చుట నేరము గనుక, మీట కదలకుండా లక్కముద్ర వేయబడును. ముద్ర పగలగొట్టినవారి లైసెన్సు రద్దు."

పదకొండు పెట్టెలకీ లక్క పడింది. తారకం మీట ఏడు వేల అరవై ఒకటి దగ్గర బిగుసుకుపోయింది.

కిలోహెర్ట్జు తేడా అంటే ఏమవుతుందో మర్నాడు పొద్దున్న ఆరూ పదిహేనుకి వకుళ చెవులారా విన్నది. నాయుడు పలుకుతూనే ఉన్నాడు, కానీ మాట కాదు. బాతుల మందని తోలుతూ ఎవరో పోతున్నట్టుంది. ఇక్కడి నుంచి తారకం అరిచింది అక్కడ నాయుడికీ బాతే అయి ఉంటుంది. అరగంటసేపు రెండు బాతులూ పిలుచుకుని పిలుచుకుని ఊరుకున్నాయి.

ఊళ్లో మాత్రం ఉత్సాహం పుంజుకుంది. కొసరులో పోటీ వచ్చింది. చిలకలపూడి రోల్డుగోల్డు నగల షాపు సాంబమూర్తిగారు తన పెట్టెకి ఏకంగా ఐదు కిలోలు కొసరిచ్చి, "ఉదార ప్రసారక" అన్న బిరుదూ, శాలువా పుచ్చుకున్నారు. ఆ రోజు నుంచీ గాలిలో ఆయన గొంతు విన్నవాళ్లు లేరు. ఇంట్లోవాళ్లు మాత్రం ఎక్కువగా వినవలసి వస్తోందని చెప్పుకున్నారు.

గుంటూరు వాళ్లూ నెల్లూరు వాళ్లూ బందరు వాళ్ల మాట తెలియడం లేదని ఉత్తరాలు రాశారు. దైవాధీనంగారు వాటిని జాగ్రత్తగా చదివి, ఆయా జిల్లాల వాళ్లు ఒక కిలో తక్కువ తూస్తున్నట్టు తమ ఉత్తరాల ద్వారా తామే ఒప్పుకున్నారని తేల్చి, తలా ఒక నోటీసు పంపారు. ఆ ఊపులో లోకానికంతటికీ ప్రమాణమైన ఆ కేంద్రాన్ని కూడా మీటరు మీద పట్టి చూశారు. సరిగ్గా పదివేలు. రవ్వంత మొగ్గు లేదు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదట. పొద్దున్నే రిజిస్టర్డు పోస్టులో తాఖీదు వెళ్లింది: "తమ కేంద్రము అనేక సంవత్సరములుగా ఉన్నదున్నట్టు మాత్రమే ఇచ్చుచూ, చిటికెడైనా కొసరు ఇవ్వకుండుట మా దృష్టికి వచ్చినది. తమపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఇంతవరకూ వకుళ నవ్వుకుంటూనే ఉంది. కష్టం ఆవిడ గడపలోకి తర్వాత వచ్చింది. పొద్దున్న అరగంట ఖాళీ అయిపోయిన తారకం వంటింట్లో తేలాడు. "మూడో కూత మొదటి కూత కన్నా పావు స్వరం దిగిందే" అని కుక్కరు మూత విప్పదీశాడు. ఇడ్లీల చుట్టుకొలత తీశాడు. కరివేపాకు రెబ్బకి సగటున ఎన్ని ఆకులో పట్టిక వేసి గోడకి అంటించాడు. నాలుగోరోజు వకుళ పచ్చడి నూరుతుంటే పక్కన గడియారం పెట్టుకుని కూచున్నాడు. ఆవిడ పచ్చడిబండ ఆపి ఆయన వైపు చూసింది. ఎందుకైనా మంచిదని ఆయన లేచి హాల్లోకి వెళ్లాడు. వెళ్తున్న వీపు చూస్తే ఆవిడకి కోపం రాలేదు. మనిషి సగమైపోయాడు.

వారం తిరక్కుండా అసలు వార్త తెలిసింది. దైవాధీనంగారి కార్యాలయం నాయుడికి కూడా నోటీసు పంపింది. ఆయన గాలిలో ఒక కిలో తక్కువ తూస్తున్నాడట, స్ఫటికాన్ని అరగదీసి వెంటనే కొసరు చేర్చాలట. రాయిని అరగదీస్తే తరంగం పెరుగుతుంది, ఆ ముక్క వరకూ కార్యాలయం సరిగ్గానే కనుక్కుంది. అరగదీసినదాన్ని మళ్లీ పెంచడం మాత్రం బ్రహ్మతరం కాదు. ఆ రాయి పోతే నాయుడికి మరో రాయి లేదు, ఏడు వేల అరవైలో నాయుడు ఉండడు.

నోటీసు మద్రాసు నుంచి ఓడలో పోతోంది. శనివారం మధ్యాహ్నానికి మాయాబందర్ చేరుతుంది. తారకం పరుగెత్తుకెళ్లి టెలిగ్రాం ఇచ్చాడు, రాయి ముట్టుకోవద్దని. బుధవారం జవాబు వచ్చింది. "సర్కారు కాగితం వస్తే తలవంచుతాను. ఇచ్చినవారే వద్దనాలి. నాయుడు."

"వెధవ నిజాయితీ," అన్నాడు తారకం, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "వీడు వినడు. వీడూ నాలాంటివాడే."

వకుళ చీర మార్చుకుని తరంగ ప్రమాణాల కార్యాలయానికి వెళ్లింది.

దైవాధీనంగారు కుర్చీ చూపించి మర్యాదగా విన్నారు. అప్పటికి ఆయన పైవరస పళ్లన్నీ తీయించుకుని ఉన్నారు, మాటల మధ్య గాలి ఎక్కువ వస్తోంది.

"నోటీసు వెనక్కి తీసుకునే అధికారం పై ఆఫీసుదమ్మా. ప్రతిపాదన పంపిస్తే నలభై రోజుల్లో ఉత్తర్వు రావచ్చు."

"ఓడ శనివారం చేరుతుందండీ."

"ఓడ మా శాఖ కాదు."

"అయ్యా, నేను వంట చేసుకునేదాన్ని, నాకు తెలిసింది అడుగుతాను. పులుసులో ఉప్పుకి కొసరు వేస్తే తమరు తింటారా?"

దైవాధీనంగారు రెండు క్షణాలు ఆలోచించారు. "ఉప్పు కూడా మా శాఖ కాదమ్మా," అన్నారు. "ఇంకోసారెప్పుడైనా వివరంగా మాట్లాడుకుందాం. శనివారం పదకొండింటికి కమిషనరుగారు వస్తున్నారు. కొసరు పథకం మీద నేను గంట ప్రసంగించాలి. శుక్రవారం సాయంత్రానికి పళ్లసెట్టు ఇస్తానన్నారు డాక్టరమ్మ, అదొక్కటే నా దిగులు."

"ఏ డాక్టరమ్మండీ?"

"సుగుణకుమారిగారు. కోనేరు సెంటరు."

వకుళ నమస్కారం పెట్టి లేచింది. దంతవైద్యురాలు సుగుణకుమారి ఊళ్లోని పదకొండు మందిలో ఒకతె. ఆవిడ పెట్టెకీ లక్క పడింది.

శుక్రవారం సాయంత్రం వకుళ కోనేరు సెంటరు ఆసుపత్రిలో పన్ను నొప్పిలేని దవడ పట్టుకుని కూచుంది. లోపల దైవాధీనంగారు కుర్చీలో వెనక్కి వాలారు. సుగుణకుమారి కొత్త సెట్టు అమర్చి, అద్దం చేతికిచ్చింది.

"మాట్లాడండి సార్."

"ఫ్లఝాహిథము ధుస్త్యా," అన్నారు దైవాధీనంగారు. అని, బెదిరిపోయి అద్దంలోకి చూసుకున్నారు. పెదాలు కలవడం లేదు. "ఎల్ల ఖొలఫలయంథు…" బాతు గొంతు. గుమ్మం దగ్గరి వకుళకి ఆ గొంతు బాగా పరిచయమే.

సెట్టు ఊడబెరికి చేత్తో పట్టుకున్నారు. "ఏమిటిది డాక్టరమ్మా? పెద్దదైపోయింది."

"కొసరండి," అంది సుగుణకుమారి వినయంగా. "అన్ని కొలతలకీ తప్పనిసరన్నారు కదా. చుట్టూ రెండు మిల్లీమీటర్లు కలిపాను. తమరు కాబట్టి ఇంకో అర కలిపాను."

"నోటి పళ్లకి కొసరేమిటి?"

"సర్క్యులర్లో 'ఎల్ల కొలతలయందునూ' అని ఉందండి. పళ్లు తప్ప అని లేదు. ఎక్కువైనందుకు ఫిర్యాదు ఇచ్చిన మనిషిని నేను ఇంతవరకూ చూళ్లేదు. తమరే మొదటివారు." ఆవిడ బల్ల మీంచి ఎర్రటి కడ్డీ తీసి స్పిరిట్ దీపం వెలిగించింది. "ఒక్క నిమిషం నోరు తెరవండి. తూకమయ్యాక ముద్ర వెయ్యాలి. ఇక కదలకూడదు."

దైవాధీనంగారు లక్కకడ్డీ వంక చూశారు. చేతిలో పళ్ల వంక చూశారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసు ఆయన్ని ఆదుకుంది.

"పళ్లకి ప్రత్యేక మినహాయింపు మంజూరు చేస్తున్నాను," అన్నారు.

"ఎందుకండీ?" వకుళ గుమ్మంలోంచి అడిగింది.

"ఎందుకేమిటమ్మా? పళ్లు మాట్లాడ్డానికి. సరిగ్గా అమరకపోతే మాట అవతలివాడికి తెలియదు."

"తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? నువ్విప్పుడు విన్నావు కదా."

"వారం నుంచీ వింటున్నానండీ. మా మేడ మీద."

గదిలో దీపం సన్నగా మండుతోంది. దైవాధీనంగారు తెలివితక్కువ మనిషి కాదు. ఒకే తక్కెట్లో చాలాకాలం కూచున్నారు, అంతే. సుగుణకుమారి సొరుగు తెరిచి రెండో సెట్టు తీసింది. ఉన్న నోటికి ఉన్నట్టుగా చేసిన సెట్టు. అది ఆయన చేతికి ఇవ్వలేదు, ఇవ్వకుండా దాచుకోలేదు కూడా. బల్ల మీద పెట్టింది.

"నోటీసు ఉపసంహరించే అధికారం నిజంగా నాకు లేదమ్మా," అన్నారు దైవాధీనంగారు. పళ్లు లేని ఆ గొంతులో మొదటిసారి శాఖ వినపడలేదు.

"ఉపసంహరించొద్దండి. తప్పు ఒప్పుకోడానికి పై ఆఫీసు అనుమతి అక్కర్లేదు కదా. ఆ అధికారం అటెండరు నుంచీ అందరికీ ఉంది. పొద్దున్న ఆరూ పదిహేనుకి రండి. కాఫీ ఇస్తాను."

శనివారం ఆరూ పదికి దైవాధీనంగారు వచ్చారు, సరైన పళ్లతో. తారకం మేడ మీద అప్పటికే పెట్టె వెలిగించి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్క దగ్గరికి వెళ్లడం లేదు. ముద్ర పగలగొడితే లైసెన్సు రద్దని కాగితం మీద ఉంది, కాగితం ఆయనకి వేదం.

"పగలగొట్టండి," అన్నారు దైవాధీనంగారు.

"తమరే వేశారు. తమరే తియ్యాలి," అన్నాడు తారకం.

పెన్నుతో గీకితే లక్క రాలేదు. వకుళ కిందికెళ్లి పొయ్యి మీద అట్లకాడ కాల్చి తెచ్చింది. గుడ్డతో పిడి పట్టుకుని దైవాధీనంగారు దాన్ని అతి జాగ్రత్తగా మీటకి ఆనించారు. లక్క కరిగి ఒక ఎర్రటి చుక్క బల్ల మీద పడింది. తారకం చెయ్యి మీట మీదికి వెళ్లింది. ఏడు వేల అరవై ఒకటి. అరవైన్నర. బాతు గొంతు బొంగురుపోయింది, బొంగురు గొంతు మనిషయింది.

"…బావూ, ఇనిపిస్తన్నానా? ఓడ మజ్జాన్నానికి వస్తాదట. అరగదీసే రాయి తడిపి ఎట్టీసినాను. సర్కారోల్ల మాట నాను తియ్యను మరి. నువ్వేటీ అనుకోకు. రేపట్నించి మరి కనబడను."

తారకం మైకు దైవాధీనంగారి చేతిలో పెట్టాడు.

ఆయన లేచి నిలబడ్డారు. ప్రసంగానికి నిలబడే అలవాటు. "ఇందుమూలముగా," అని మొదలుపెట్టారు. వకుళ కాఫీగ్లాసు బల్ల మీద పెట్టి ఆయన వంక చూసింది. ఆయన ఆగి, మళ్లీ కూచున్నారు.

"నాయుడుగారూ, నేను బందరు నుంచి దైవాధీనాన్ని. మీకు నోటీసు పంపింది నేనే. మీ రాయి ముట్టుకోకండి. మీ తరంగం సరిగ్గా ఉంది. కొసరు అక్కర్లేదు."

చిటపటలు. తర్వాత మెల్లగా, "ఎవులూ? సరిగా అందలేదు బాబూ. అలలు రేగీసినాయి. ఎవుల తరంగం సరిగ్గా లేదూ? నాదేనా?"

తారకం పెట్టె మీది ముల్లు వంక చూశాడు. సంకేతం దిట్టంగా ఉంది, చిటపటలు కూడా ఏమంత లేవు. ఆ మాట పైకి అనకుండా ఊరుకున్నాడు. వకుళకి పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన మొదటిసారి ఒక కొలత దాచాడన్న సంగతి అర్థమై, నవ్వు కొంగుతో తుడుచుకుంది.

దైవాధీనంగారు మైకు దగ్గరగా తీసుకున్నారు. కొత్త పళ్ల మధ్య ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఎక్కువా తక్కువా లేకుండా వచ్చింది.

"మీది కాదండీ. తప్పు నాది."